ఇంధనపు తోటలు – వన్యప్రాణుల నెలవులు

పొయ్యిలోనికి కట్టె, కుంపటిలోనికి బొగ్గు, బెల్లం వండే పెనం క్రిందికి చెరకు పిప్పి, ధాన్యపు మర బాయిలరులోనికి ఊక – మొక్కల నుండి వేడిని తీసుకొనటం మన గృహస్థులకు కొత్త విద్య కాదు. అడవి కట్టె, పొలం గట్టు మీది తుమ్మ, పెరటిలోని కొబ్బరి మట్ట వందల సంవత్సరాలుగా మన అన్నం ఉడికించినవి. అయితే ఇటీవలి కాలంలో ఈ పాత విద్యకు కొత్త పేరు, కొత్త పరిమాణం వచ్చినవి. దీనిని జీవ ఇంధనం అంటున్నారు. పొయ్యి కొరకు దొరికినది ఏరుకొనటం కాక, కర్మాగారం కొరకు, మోటారు వాహనం కొరకు, విద్యుత్తు కొరకు పనిగట్టుకొని పైరులను, కలపను పెంచటం ఇందులోని విశేషం. ఇది మంచిదా, చెడ్డదా అని నిర్ణయించటానికి ముందు అడుగవలసిన ప్రశ్నలు రెండు ఉన్నవి. ఈ పైరులను ఎక్కడ పెంచుతారు? ఆ చోట ఇప్పుడు ఎవరు నివసిస్తున్నారు? పలాస, టెక్కలి ప్రాంతాలను, ఉద్దానం తీరాన్ని దృష్టిలో ఉంచుకొని ఈ ప్రశ్నలను నేడు మేము శ్రోతల ముందు ఉంచుతున్నాము.

ముందుగా జీవ ఇంధనం పక్షాన చెప్పవలసినది చెప్పటం న్యాయం. భూగర్భం నుండి తీసిన బొగ్గును, పెట్రోలియంను మండించినప్పుడు కోట్ల సంవత్సరాల నాడు భూమిలో చేరిన కర్బనం గాలిలో కలుస్తుంది. భూగోళం వేడెక్కటానికి ఇది ముఖ్య కారణం. మొక్క సంగతి వేరు. అది పెరిగేటప్పుడు గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకొంటుంది. మండినప్పుడు దానినే తిరిగి విడుస్తుంది. మరల నాటితే మరల పీల్చుకొంటుంది. జమకు ఖర్చు సరిపోతుందని సిద్ధాంతం. పైగా విదేశాల నుండి కొనే చమురు తగ్గుతుంది, రైతుకు మరొక రాబడి కలుగుతుంది. ఈ లాభాలను మేము కాదనటం లేదు.

మన దేశంలో ఈ ప్రయత్నం దశలుగా సాగినది. 2003లో ప్రణాళికా సంఘం వెలువరించిన నివేదిక అడవి ఆముదపు గింజల నుండి డీసెలు తీయవచ్చునని, అందుకు కోటి హెక్టార్లకు పైగా భూమి ఉన్నదని ఆశ చూపినది. ఎండకు తట్టుకొనే మొక్క కనుక రాతి నేలలోను బ్రతుకుతుందన్నారు. బ్రతికినది, కాని నీరు, ఎరువు లేని చోట ఆశించినంత గింజ కట్టలేదు. ఆ పథకం చల్లబడినది. 2018 నాటి జాతీయ విధానం పెట్రోలులో నూటికి 20 పాళ్ళు ఇథనాల్ కలపటానికి 2030ని గడువుగా పెట్టినది. తరువాత ఆ గడువును ముందుకు జరిపి, 2025లోనే ఆ మట్టానికి చేరుకొన్నారు. 2024 నవంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం, రిలయన్స్ సంస్థ ఒక ఒప్పందం చేసుకొన్నవి. 65,000 కోట్ల రూపాయల పెట్టుబడితో రాష్ట్రంలో 500 జీవవాయు కర్మాగారాలు నెలకొల్పాలని అందులోని సంకల్పం. 2025 ఏప్రిల్‌లో ప్రకాశం జిల్లా దివాకరపల్లిలో మొదటి దానికి శంకుస్థాపన జరిగినది. ఈ కర్మాగారాలకు మేత నేపియర్ వంటి గడ్డి. ఆ గడ్డిని బీడు భూములలో పెంచుతామంటున్నారు.

అడవి ఆముదం నాడు విన్నమాటే, గడ్డి నాడు కూడ వింటున్నాము. భూమి ఎక్కడిదని అడిగితే, పంట భూమిని ముట్టుకొనమని, అడవిని నరకమని, బంజరులో మాత్రమే పెంచుతామని సమాధానం వస్తుంది. వినటానికి ఇది ఎవరినీ నొప్పించని మాట. కాని బంజరు అంటే ఏది? నాగలి పోని నేల అంతా బంజరేనా? మా ప్రసంగానికి మూలం ఈ ఒక్క మాట.

ఇంధనం కొరకు చెట్టును పెంచటంలో మన పూర్వానుభవం ఒకసారి జ్ఞప్తికి తెచ్చుకొందాము. 1856లో మదరాసు రాజధానిలో అటవీ శాఖ ఏర్పడినది. ఆ తరువాత రైలు మార్గాలు విస్తరించినవి. నాటి రైలు ఇంజనులు చాలభాగం కట్టెతో నడిచేవి. స్లీపర్లకు, ఇంజనులకు అడవులు తరిగిపోతుంటే, త్వరగా పెరిగే చెట్టు కొరకు వెదకారు. అట్లా వచ్చినది సరుగుడు. కొన్నిచోట్ల దీనినే సరివి అంటారు. 1868లో పశ్చిమ తీరాన కార్వార్ దగ్గర నాటిన ఈ విదేశీ వృక్షం క్రమంగా తూర్పు తీరపు ఇసుకలను కూడ ఆక్రమించినది. మరొక వృక్షం 1877లో కడప జిల్లా కమలాపురం చేరినది. జమైకా ద్వీపం నుండి విత్తనం తెప్పించి, మెట్ట ప్రాంతాలకు వంటచెరకు కొరకని నాటారు. దానిని నేడు మనం సర్కారు తుమ్మ అంటున్నాము. ప్రజలు పెట్టిన ఆ పేరులోనే దాని చరిత్ర ఉన్నది. సర్కారు తెచ్చిన ఆ తుమ్మ నాటిన చోట నిలువలేదు. మేకలు, పశువులు కాయ తిని విత్తనాన్ని ఊరూరా చేరవేసినవి. చెరువు గర్భాలు, గడ్డి బీళ్ళు, వాగుల ఒడ్లు దాని వశమైనవి. పేదల పొయ్యికి కట్టె ఇచ్చిన మాట నిజమే. కాని గడ్డి మైదానాలను నమ్ముకొన్న జింకలకు, నేల మీద గుడ్లు పెట్టే పక్షులకు అది నిలువ నీడ లేకుండా చేసినది. ఒకసారి విడిచిన ఈ చెట్టును నూటయాభై సంవత్సరాలు కావస్తున్నా తిరిగి పట్టుకొనలేకపోయాము.

ఇక బంజరు లెక్క ఎట్లా వేస్తారో చూద్దాము. హైదరాబాదులోని దూరగ్రాహక సంస్థ సాయంతో కేంద్ర గ్రామీణాభివృద్ధి శాఖ 2000లో దేశపు బంజరు భూముల పటాల గ్రంథాన్ని ప్రకటించినది. ఆకాశం నుండి తీసిన చిత్రాల ఆధారంగా చేసిన గొప్ప శ్రమ అది. అందులోని వర్గాల పేర్లు గమనింపదగినవి. పొదలతో నిండిన నేల ఒక వర్గం. నీరు నిలిచే చిత్తడి నేల ఒక వర్గం. సముద్రతీరపు ఇసుక ఒక వర్గం. రాతి నేల ఒక వర్గం. భూమిని గుర్తించటానికి ఈ విభజన పనికివస్తుంది. కాని ఈ జాబితా చేతబట్టుకొని పలాస స్టేషనులో దిగితే ఏమి కనపడుతుంది? పొదల నేల అంటే ఎలుగుబంట్లు తిరిగే కొండ వాలు. చిత్తడి నేల అంటే గూడబాతులు చేపలు పట్టే బీల. తీరపు ఇసుక అంటే తాబేలు గుడ్లు పెట్టే తావు. పటంలో బంజరు అని రంగు వేసిన నేలలోనే ఈ ప్రాంతపు వన్యప్రాణులలో ఎక్కువ భాగం కాపురం ఉంటున్నవి. పంట పొలం మనం తీసుకొన్నాము. మిగిలినది వాటికి దక్కినది. ఇప్పుడు ఆ మిగిలినదానిని ఖాళీ అంటున్నాము.

ఇది ఊహాగానం కాదు. ఇట్టి పేరు పెట్టటం వలన ఎంత అనర్థం కలుగుతుందో శ్రీకాకుళం జిల్లా ఒకసారి చూచినది. సోంపేట దగ్గరి బీల నేలలు వర్షపు నీటిని పట్టి ఉంచుతవి. వాటిని ఆనుకొని వరి పండుతుంది, చేప దొరుకుతుంది, పశువుకు మేత దొరుకుతుంది. అట్టి నేలను పనికిరాని భూమిగా చూపి అక్కడ బొగ్గుతో నడిచే విద్యుత్కేంద్రాన్ని తలపెట్టారు. 2010 జూలై 14న ఆందోళన చేస్తున్న జనంపై పోలీసు కాల్పులు జరిగి ప్రాణాలు పోయినవి. ఆ రోజుననే జాతీయ పర్యావరణ అప్పీలు సంస్థ ఆ కేంద్రానికి ఇచ్చిన అనుమతిని రద్దు చేసినది. మరుసటి సంవత్సరం ఫిబ్రవరిలో టెక్కలి సమీపాన కాకరాపల్లి చిత్తడి నేలల విద్యుత్కేంద్రం విషయంలోను కాల్పులు, మరణాలు సంభవించినవి. అవి బొగ్గు కేంద్రాలు, గడ్డి కర్మాగారాలు కావు. రెండింటినీ ఒక గాట కట్టటం మా ఉద్దేశం కాదు. అయితే బొగ్గు కొరకు వెదకినా, పైరు కొరకు వెదకినా, భూమిని ఎంచే పద్ధతి ఒకటే అయితే, వెళ్ళి ఆగే చోటు కూడ ఒకటే అవుతుంది.

ఈ ప్రాంతంలోని మూడు నెలవులను ఒక్కొక్కటిగా పరిశీలిద్దాము. మొదటిది చిత్తడి నేల.

టెక్కలి మండలంలోని తేలినీలాపురం గ్రామానికి ఏటా వర్షాలు వెనుకబట్టే వేళకు గూడబాతులు, ఎర్రకాళ్ళ కొంగలు వచ్చి, ఊరి చెట్ల మీద గూళ్ళు కట్టి, పిల్లలను పెంచి, వేసవి ముఖం పట్టగానే వెళ్ళిపోతవి. పుట్టింటికి పురుటికి వచ్చిన ఆడపడుచుల వలె వాటిని ఊరివారు చూసుకొంటారు. పక్షులు రాని ఏడు ఊరికి మంచిది కాదని వారి నమ్మకం. ఇచ్ఛాపురం వైపున తేలుకుంచిలో, నత్తలను తిని బ్రతికే, ముక్కు నడుమ సందుండే కొంగలకు ఇట్టి ఆదరణే లభిస్తున్నది. జనం వీటిని సైబీరియా పక్షులంటారు. కాని మన గూడబాతు దక్షిణాసియాకు చెందినదే. మన దేశంలోను, శ్రీలంకలోను, కంబోడియాలోను అది పిల్లలను చేస్తుంది. కనుక ఇక్కడ చోటు పోతే తిరిగి పోవటానికి దానికి సైబీరియాలో ఇల్లు లేదు.

గూడు ఊరిలోనిది; కూడు నౌపడా పరిసరాల ఉప్పుటేరులలోనిది, చిత్తడి నేలలలోనిది, ఉప్పు మళ్ళ ప్రక్కన నిలిచే నీటిలోనిది. చెట్టును కాపాడి బీలను పోగొట్టుకొంటే పక్షి నిలువదు. ఏపుగా పెరిగే గడ్డికి నీరు కావలెను. మెరక బీడులో నేపియర్ గడ్డి వేసి సంవత్సరానికి అనేక కోతలు కోయాలంటే బావి త్రవ్వవలసి ఉంటుంది, ఎరువు వేయవలసి ఉంటుంది. ఆ ఖర్చుకు వెనుకాడితే, సహజంగానే చూపు చెమ్మ ఉన్న నేల వైపు మళ్ళుతుంది. చెమ్మ ఉండి సాగులో లేని నేల అంటే బీలే. దానికి కాలువ తీసి నీరు దింపితే గడ్డి పెరగవచ్చును; చేప మాత్రం మిగులదు. చట్టంలో కూడ ఇక్కడ ఒక సందు ఉన్నది. 2017 నాటి చిత్తడి నేలల నిబంధనలు ఉప్పు తయారీకై ప్రత్యేకంగా నిర్మించిన మళ్ళను, వరి పొలాలను చిత్తడి నేలల లెక్క నుండి మినహాయించినవి. పక్షికి ఈ మినహాయింపు తెలియదు. అది నీరు చూచి దిగుతుంది.

రెండవ నెలవు ఇసుక. వజ్రపుకొత్తూరు, మందస, సోంపేట, కవిటి మండలాల తీరాన శీతకాలం చివరి నుండి వేసవి మొదటి వరకు ఆలివ్ రిడ్లీ జాతి తాబేళ్ళు రాత్రివేళ ఒడ్డెక్కి గుడ్లు పెడతవి. ఆటు పోటులకు అందని మెరక ఇసుకలో గోయి తీసి, వంద వరకు గుడ్లు పెట్టి, పూడ్చి, తల్లి సముద్రంలోనికి వెళ్ళిపోతుంది. సుమారు ఏడు వారాలు ఇసుక వేడే వాటిని పొదుగుతుంది. ఇసుక ఎక్కువ వెచ్చగా ఉంటే ఆడపిల్లలు, చల్లగా ఉంటే మగపిల్లలు పుట్టటం ఈ జాతిలోని వింత. వన్యప్రాణి సంరక్షణ చట్టంలో ఈ తాబేలు మొదటి షెడ్యూలులో ఉన్నది. తీర నియంత్రణ నిబంధనలు తాబేళ్ళు గుడ్లు పెట్టే తావులను, ఇసుక దిబ్బలను మిక్కిలి రక్షణ పొందవలసిన తరగతిలో చేర్చినవి.

ఈ ఇసుకకు పొరుగువాడు సరుగుడు తోట. తుఫాను గాలికి అడ్డుగా, పొయ్యికి కట్టెగా, పందిరికి రాటగా, కాగితపు మిల్లుకు సరుకుగా ఈ తోట ఉపకారం చేస్తున్నది. దానిని నాటవద్దని మేము అనటం లేదు. ఎంత దూరంలో నాటినారన్నదే ప్రశ్న. పోటు గీత దాకా వరుసలు తెచ్చి నాటితే వేళ్ళు, రాలిన సూదులు ఇసుకను కప్పివేస్తవి. నీడ ఇసుకను చల్లబరుస్తుంది. తాబేలు గోయి తీసే చోటు కురచ అవుతుంది. 2004 నాటి సునామీ తరువాత తమిళనాడు ఉత్తర తీరాన విస్తారంగా సరుగుడు నాటినప్పుడు పరిశోధకులు ఈ సంగతిని పరిశీలించి, తోట నీటి అంచుకు దగ్గరైన చోట తాబేళ్ళు గుడ్లు పెట్టటం తగ్గినదని తెలిపారు. ఇసుక దిబ్బను పట్టి ఉంచే సహజమైన మొక్కలు వేరే ఉన్నవి. నేల మీద పాకి ఊదా రంగు పూలు పూసే బాలబంద తీగ, బంతివలె దొర్లే రావణాసురుని మీసం మన తీరపువారికి పరిచితమైనవే. వాటిని పెరికి చెట్టు నాటటం కంటె, వాటి వెనుక చెట్టు నాటటం మేలు.

మూడవ నెలవు కొండ వాలు, జీడితోట. దీని కథ మిక్కిలి బాధాకరమైనది. ఉద్దానపు గుట్టలలో ఎలుగుబంట్లు ఉన్నవి. చెదలు, చీమలు, తేనె, రేగు, నేరేడు, పనస వాటి ఆహారం. గుట్టలలో పొదలు పలచబడగా అవి జీడితోటలకు మరిగినవి. జీడిమామిడి పండు వాటికి ప్రీతి. జీడిపిక్కలు ఏరటానికి తెల్లవారుజామున వెళ్ళిన మనిషికి, రాత్రి మేసి తిరిగి వెళ్ళుతున్న ఎలుగుబంటికి ఎదురుపాటు తప్పటం లేదు. 2018 జూన్‌లో సోంపేట మండలం ఎర్రముక్కాం దగ్గర ఇట్టి ఘటనలో మనుషులు మరణించారు, జనం చేతిలో ఆ జంతువు మరణించినది. 2022 జూన్‌లో వజ్రపుకొత్తూరు మండలం కిడిసింగి దగ్గర ఒక ఎలుగుబంటి ఒకరి ప్రాణం తీసి, మరునాడు పలువురిని గాయపరచినది. అటవీ సిబ్బంది మత్తుమందు ప్రయోగించి పట్టిన ఆ జంతువు, జంతు ప్రదర్శనశాలకు చేరకమునుపే చనిపోయినది. రెండు వైపులా మరణమే ఈ పోరు ఫలితం.

ఇట్టి చోట గుట్ట మీది పొదను బంజరు అని కొట్టివేసి జామాయిలు, సరుగుడు వరుసలు నాటితే ఏమవుతుంది? ఆ చెట్లు ఎలుగుబంటికి పండు ఇవ్వవు. ఎలుగుబంటి ప్రక్క రాష్ట్రానికి వలస పోదు; క్రింది ఊరిలోనికి దిగుతుంది. కొండ మీద పోగొట్టిన రేగు పొదకు మూల్యం జీడితోటలో పిక్కలు ఏరే కూలి మనిషి చెల్లించవలసి వస్తుంది. వన్యప్రాణి రక్షణ అనగానే మనుషుల పొట్ట కొట్టే మాట అని కొందరు భావిస్తారు. ఉద్దానంలో మాత్రం జంతువు నెలవును కాపాడటం మనిషి ప్రాణాన్ని కాపాడటానికి మార్గం.

ఈ చిక్కు మన జిల్లాకే పరిమితమైనది కాదు. ఇండొనీషియా, మలేషియా దేశాలలో తామరతంపరగా వెలసిన నూనె తాటి తోటల కొరకు చిత్తడి అడవులను నరికారు. 2008లో సైన్స్ పత్రికలో వెలువడిన ఒక పరిశోధన ఆ లెక్క తేల్చినది. అడవిని, పచ్చిక మైదానాన్ని, చిత్తడి నేలను చెరచి ఇంధనపు పైరు వేస్తే, ఆ ఇంధనం ఏడాదిలో ఆదా చేసే కర్బనానికి 17 నుండి 420 రెట్లు కర్బనం ముందే గాలిలో కలుస్తుందని అందులోని సారాంశం. అంటే నేల చేసిన అప్పు తీరటానికి కొన్ని చోట్ల నాలుగు వందల ఏళ్ళు పడుతుంది. ఇట్టి అనుభవాల వలన ఐరోపా సమాజం 2009లో ఒక శాసనం చేసినది. ఆదిమ అడవిని, రక్షిత ప్రకృతి ప్రాంతాన్ని, జీవజాతులు విస్తారంగా ఉండే పచ్చికను, చిత్తడి నేలను మార్చి పండించిన ఇంధనాన్ని తమ లక్ష్యాలలో లెక్కింపరాదని అందులో నిర్దేశించారు. పైరు ఏమిటని మాత్రమే కాక, నిన్నటి దాకా ఆ నేల ఏమిటని కూడ ఆ శాసనం అడుగుతుంది. ఆ రెండవ ప్రశ్న మనకు కూడ కావలెను.

ఇంతవరకు చెప్పినది విని ఉద్దానం రైతు ఒక మాట అడుగవచ్చును. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను గంటకు 140, 150 కిలోమీటర్ల గాలితో పలాస సమీపాన తీరం దాటినది. తాతల నాటి కొబ్బరి చెట్లు, జీడి చెట్లు ఒక్క రాత్రిలో కూలిపోయినవి. కొబ్బరి మొక్క కాపుకు రావటానికి ఏళ్ళు పడుతుంది. సరుగుడు నాలుగైదేళ్ళలో కోతకు వస్తుంది, కొనేవారు ఇంటికి వస్తారు. పక్షి కొరకు, తాబేలు కొరకు నేను ఎందుకు ఆగాలి అని ఆయన అడిగితే, అది తోసిపుచ్చదగిన ప్రశ్న కాదు. తన సొంత మెట్టలో సరుగుడు వేసుకొన్న రైతును నిందించే హక్కు ఎవరికీ లేదు. మా వాదమంతా ఎవరి పట్టాలోను లేని నేలను గురించి. ఎవరి పేరు మీదా లేదు కనుక అడిగేవారు ఉండరని తలచి, ఆ నేలను ఒక్క కలం పోటుతో ఇంధనపు పైరుకు రాసి ఇవ్వటాన్ని గురించి.

మరి ఇంధనం ఎక్కడ నుండి రావలెను? ఈ ప్రశ్నకు పలాస పట్టణమే కొంత సమాధానం చెప్పుతున్నది. పలాస – కాశీబుగ్గ జంట పట్టణం జీడిపప్పు పరిశ్రమకు పేరెన్నికగన్నది. ఇక్కడ పిక్కలను 80 కిలోల బస్తాతో కొలుస్తారు. పిక్క బరువులో సుమారు మూడింట రెండు వంతులు పెంకే. అంటే ఒక్క బస్తా నుండి 50 కిలోలకు పైగా పెంకు మిగులుతుంది. ఆ పెంకులో ఉండే జీడి నూనెకు రంగుల పరిశ్రమలో, బ్రేకుల తయారీలో గిరాకీ ఉన్నది. నూనె పిండగా మిగిలిన పిప్పి ఎండుకట్టెకు తీసిపోని వేడి ఇస్తుంది. పిక్కలను ఆవిరితో ఉడికించే బాయిలర్లలో ఈ పెంకును కాల్చటం వాడుకలో ఉన్నది. నూనె తీయని పెంకును తెరచిన పొయ్యిలో కాలిస్తే ఘాటైన పొగ వచ్చి కళ్ళను, ఊపిరితిత్తులను బాధిస్తుంది. కనుక నూనె తీయటం, మంచి పొయ్యి, తగిన పొగగొట్టం ఇందుకు అవసరం. జాగ్రత్తగా వాడితే ఈ ఇంధనానికి ఒక్క సెంటు కొత్త భూమి అక్కరలేదు.

ఉద్దానపు కొబ్బరి ఇంకొక నిధి. పీచు తీయగా మిగిలిన పొట్టు, చిప్ప, మట్ట ఉన్నవి. టెక్కలి వైపు వరి పొలాల నుండి ఊక వస్తుంది. ధాన్యపు బరువులో సుమారు అయిదవ వంతు ఊకే. పట్టణాల కూరగాయల సంతలో చెత్త, పశువుల పేడ జీవవాయువుకు మంచి ముడిసరుకులు. అయితే గడ్డివామిని వ్యర్థం అనరాదు. అది పశువు నోటి కూడు. ఏది నిజంగా మిగులు, ఏది ఇప్పటికే ఒకరికి ఆధారం అన్న విచక్షణ ఇక్కడ కూడ అవసరమే. ఈ మిగులును ముందు లెక్కించి, అది చాలని పక్షంలోనే పైరు పెంచే ఆలోచన చేయటం గృహిణి వంటింటి న్యాయం. ఇంటిలో ఉన్నదేమిటో చూడక ఆమె బజారుకు పోదు.

పెంచి తీరవలసిన చోట కూడ మంచి దారులు లేకపోలేదు. ఆదిలాబాదు అడవులలో పవర్‌గూడ అనే చిన్న గోండు గ్రామం ఉన్నది. అక్కడి స్త్రీల సంఘాలు కానుగ గింజలు ఏరి, నూనె తీసి, మొక్కలు నాటినవి. ఆ నూనె డీసెలుకు బదులుగా వాడినందువలన తగ్గే 147 టన్నుల బొగ్గుపులుసు వాయువుకు గాను 2003లో ప్రపంచ బ్యాంకు వారికి 645 డాలర్లు చెల్లించినది. సొమ్ము పెద్దది కాకపోవచ్చును, పద్ధతి పెద్దది. కానుగ మన నేలకు చెందిన చెట్టు. పశువు దాని ఆకు మేయదు, అది గాలిలోని నత్రజనిని నేలకు చేరుస్తుంది. పొలం గట్ల మీద, చెరువు కట్టల మీద, బాటల ప్రక్క నాటితే ఎవరి నెలవునూ తొలగించనక్కరలేదు.

ఇప్పటికే చట్టాలున్నవి, శాఖలున్నవి. అయినను గ్రామస్థులు తమంత తాము చేయగల పని ఒకటి ఉన్నది. మీ ఊరి బంజరును ఏదైనా పథకానికి కోరినప్పుడు గ్రామసభలో మూడు సంగతులు అడుగండి. ఈ నేలలో వర్షాకాలంలో నీరు నిలుస్తుందా? నిలిస్తే అది బీల. దానికి కాలువ తీయరాదు. ఈ ఇసుక పోటు గీతకు ఎంత దూరం? తాబేలు ఎక్కే మేర వదలి, వెనుకకు జరిగి నాటాలి. ఈ గుట్ట మీద రేగు, నేరేడు కాస్తున్నవా, ఎలుగుబంటి జాడ ఉన్నదా? ఉంటే ఆ పొదను అట్లే ఉంచాలి. పలచబడిన చోట ఆ పండ్ల చెట్లనే నాటాలి. ఈ ప్రశ్నలకు జవాబు పటంలో దొరకదు. వల వేసే జాలరికి, పశువుల కాపరికి, జీడిపిక్కలు ఏరే స్త్రీకి తెలుసు. వారి మాట తీర్మానంలో వ్రాయించాలి. తేలినీలాపురంలో వలె పక్షులు గూడు కట్టే చెట్టు ఎవరి పెరటిలో ఉన్నా, దానిని నరకకుండా ఉంచినందుకు ఆ ఇంటివారికి కొంత ప్రతిఫలం ఇవ్వటం ప్రభుత్వానికి భారం కాదు.

ఉద్దానం అన్న పేరు ఉద్యానం నుండి వచ్చినదని పెద్దలు చెప్పుతారు. ఇసుకలో కొబ్బరిని, జీడిని, పనసను పెంచి ఆ పేరును నిలబెట్టినవారు ఇక్కడి రైతులు. ఆ తోటల అంచున బీల, దిబ్బ, గుట్ట ఉండబట్టే బావిలో నీరు నిలిచినది, సముద్రపు గాలి నిదానించినది, పక్షికి, జంతువుకు చోటు దక్కినది. మన దీపానికి, మన బండికి కావలసిన శక్తిని మొక్క నుండి తీసుకొందాము, తప్పు లేదు. తీసుకొనే ముందు ఆ నేలకు బంజరు అని పేరు పెట్టినది ఎవరో, అక్కడ ఇప్పుడు కాపురం ఉన్నది ఎవరో విచారించి తీసుకొందాము.